గంజి గిన్నె మీద కొలతల పలక

మార్చి 2, ఆదివారం. రంజాన్ మొదటి రోజా. ఉదయం 10 గంటలు.

ఇవాళ్టి నుంచి మా ఇంటి బట్టలు నేనే కుడతాను. అంతే!

పోయిన ఏడాది టైలర్ వలి బాషా "రేపు రా, రేపు రా" అని తిప్పి తిప్పి, పండగనాడు పొద్దుగూకాక డ్రెస్సు చేతిలో పెట్టాడు. నా కూతురు సమ్రీన్ పాత డ్రెస్సులోనే చుట్టాలందరికీ షీర్ ఖుర్మా పాయసం అందించింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "మళ్లీ నీ దుకాణం మెట్టెక్కితే నా పేరు ఖదీజా కాదు" అని మార్కాపురం బజారంతా వినేటట్టు అరిచి వచ్చాను.

పక్కింటి యల్లమ్మక్కకు మోకాళ్ల నొప్పులు. తొక్కలేనని తన మిషను మాకిచ్చేసింది. మాది ఒకటే గది. మంచానికీ ఫ్రిజ్‌కీ మధ్య ఇరికించాం. ఫ్రిజ్ తలుపు ఇప్పుడు జానెడే తెరుచుకుంటుంది. పాలప్యాకెట్ పడుతుంది, పుచ్చకాయ పట్టదు.

కుట్టవలసినవి: సమ్రీన్‌కు చిలకపచ్చ డ్రెస్సు. మా ఆయన మొహసిన్‌కు తెల్ల కుర్తా. నాకు రెండు జాకెట్లు. కిటికీకి కర్టెన్లు. టైముంటే యల్లమ్మక్కకు ఒక సంచి.

టైముకేం, బోలెడుంది!

మార్చి 3. ఉదయం 11.

మొహసిన్ పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అంచు విరిగిన పలక ఒకటి తెచ్చిచ్చాడు. అందరి కొలతలూ బలపంతో దాని మీద రాసి గోడకు ఆనించాను. కాగితాలు దండగ. లైనింగు కూడా కొనేది లేదు, నా పాత నూలు చీర ఉంది. ఎంత పొదుపు!

మధ్యాహ్నం 1: సూదిలో దారం ఎక్కింది. గంటన్నర పట్టింది. మొదటి రోజే అన్నీ రావాలంటే ఎట్లా?

మార్చి 6. సాయంత్రం 4.

కత్తిరింపు మొదలు. నేలమీద గుడ్డ పరవడానికి చోటు ఒక్కటే, రోజా విడిచే ఇఫ్తార్‌కు భోజనాల గుడ్డ దస్తర్‌ఖాన్ పరిచి అందరం కూర్చునే చోటు. అదెటూ పరిచే ఉంది కదా అని దాని మీదే కుర్తా గుడ్డ పరిచాను. కత్తెర సర్రుమని పోతుంటే ఎంత హాయిగా ఉందో!

4.30: కుర్తాతో పాటు దస్తర్‌ఖాన్‌కు కూడా మెడ తెగింది.

6.30: తెగిన చోట ఖర్జూరాల పళ్లెం పెట్టాను. మొహసిన్ పళ్లెం జరిపాడు. "ఏందే ఇది? దీని ముందర కూసోవాల్నా, తొడుక్కోవాల్నా?"

మార్చి 8.

కుట్టలేదు. సమ్రీన్‌కు ఇంటర్ పరీక్షలు. "అమ్మీ, ఆ మిషను ఆపుతావా? కెమిస్ట్రీ బుర్రకెక్కడం లేదు" అంది. పిల్ల చదువు కంటే నాకు కుట్టు ఎక్కువా? ఆపి పడుకున్నాను.

లిస్టులోంచి కర్టెన్లు తీసేశాను. ఇంట్లోకి ఎండ రావడం ఆరోగ్యం. జాకెట్లూ తీసేశాను. ఉన్నవి బాగానే ఉన్నాయి. యల్లమ్మక్క సంచి సంగతి ఆమెకు చెప్పనేలేదు కాబట్టి ఇబ్బంది లేదు.

మార్చి 11. రాత్రి 8.

అయిపోయింది! అంతా అయిపోయింది!

మొహసిన్ మసీదు నుంచి గిన్నెడు గంజి తెచ్చాడు, పొగలు కక్కుతోంది. మూత కనపడలేదట. నా పలక బోర్లించాడు, రాత ఉన్న వైపే కిందికి. నేను చూసి ఎత్తేసరికి కొలతలన్నీ కారి గంజిలో కలిశాయి. పలక మీద ఒక్క నాలుగు అంకె మిగిలింది. అది ఎవరిదో, ఏ భాగానిదో అల్లాకే తెలియాలి.

"నున్నగా శుభ్రంగా ఉంటే పెట్టినా. కొలతలని నాకేం తెలుసు?" అన్నాడు. ఇఫ్తార్ వేళ ఆ గంజే రెండు గ్లాసులు తాగి, "బలపం వాసన బాగుంది, చిన్నప్పుడు తినలేదా ఏంది?" అన్నాడు.

సమ్రీన్ పరీక్ష రాసొచ్చి నిద్రపోతోంది. కొలత కోసం లేపడం దేనికి? కన్నతల్లికి తెలియదా కూతురి భుజం ఎంతో? కళ్లు మూసుకుని తలచుకున్నాను. కళ్లు తెరిచి చిలకపచ్చ గుడ్డ కత్తిరించేశాను.

మార్చి 13. ఉదయం 11.

డ్రెస్సు కుట్టడం పూర్తి!

11.10: తల దూరింది. భుజాలు దూరలేదు. రెండు చేతులూ కుడిచేతులే.

సమ్రీన్ దాన్ని మెల్లగా తీసి మడతపెట్టింది. "పాతది ఇస్త్రీ చేసుకుంటాలే అమ్మీ" అంది. ఈసారీ ఏడవలేదు. వలి బాషా ఆలస్యం చేశాడే గానీ గుడ్డ పాడుచేయలేదు. నేను పాడుచేశాను. నాకు సిగ్గేసింది.

పదిహేనో రోజా దాటితే ఇక్కడ ఏ టైలరూ పండగ గుడ్డ పట్టడు. ఇంకా మూడు రోజులుంది.

మార్చి 15.

వలి బాషా దుకాణం దాకా వెళ్లాను. పక్క బండిలో కొత్తిమీర కొనుక్కుని తిరిగొచ్చాను. నిన్న కూడా కొత్తిమీరే.

మార్చి 16. పదిహేనో రోజా. మధ్యాహ్నం 12.

మెట్టెక్కాను.

"రా చెల్లే," అన్నాడు వలి బాషా, మిషను ఆపకుండానే. "మెట్టెక్కితే నీ పేరు ఖదీజా కాదంటివే?"

"కాదు భాయ్. నీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకో. నా బిడ్డ డ్రెస్సు మాత్రం కుట్టియ్యి."

సంచిలోంచి తీసి పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. "యా అల్లా! రెండూ కుడిచేతులే కుట్టినావు. గుడ్డ చాలదు, పక్కల్లో వేరే గుడ్డ వేయాల."

మొహసిన్ తెల్ల కుర్తా ముక్కలు కూడా తీసి పెట్టాను. వలి బాషా ఆ మెడ చూసి, ముక్కలు పక్కన పెట్టుకున్నాడు.

"నా దగ్గర కాజాలు కుట్టే అయాజ్ గిద్దలూరు పోయి రానేలేదు. నెలవంక కనపడే చాందురాత్రి దాకా వాని బదులు నువ్వు కూసో. నీ బిడ్డది నేను చేసిస్తా."

మార్చి 25. సాయంత్రం 5.

తొమ్మిది రోజులుగా కాజాలే. ఎన్ని కుర్తాలో, ఎన్ని కాజాలో! వేళ్లన్నీ సూదిపోట్లే. సందు లేకుండా జనం. ఇవాళ ఒకామె వచ్చి, "నా కొడుకు కుర్తా అయిందా?" అని అడిగింది. కుర్తా ఇంకా కత్తిరించను కూడా లేదు.

"రేపు రామ్మా, కాజాలే మిగిలినయి" అన్నాను.

అన్నది నేనే! వలి బాషా మిషను మీదికి వంగిపోయాడు. భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతున్నాడని తెలుస్తూనే ఉంది. నేను తలెత్తలేదు.

మార్చి 30. సాయంత్రం 7.

నెలవంక కనిపించింది. డ్రెస్సు చేతికొచ్చింది!

చిలకపచ్చకు రెండు పక్కలా తెల్లపట్టీలు. ఒక కుడిచేయి, ఒక ఎడమచేయి. సమ్రీన్ తొడుక్కుంది. చుట్టూ తిరిగి చూపిద్దామంటే మా గదిలో మిషను అడ్డం. వీధిలోకి పోయి గిర్రున తిరిగింది. యల్లమ్మక్క అరుగు మీంచి, "ఎంత బాగుందే! ఏ దుకాణంలో కొన్నారు?" అంది. ఏడవాల్సిన పిల్ల నవ్వింది, నేనే ఏడ్చాను.

మొహసిన్ వచ్చి, "మరి నా కుర్తా?" అన్నాడు.

"అదిగో, వీధిలో తిరుగుతోంది చూడు" అన్నాను.

మార్చి 31. పండగ. మధ్యాహ్నం 3.

ఇవాళ్టి నుంచి మా ఇంటి బట్టలు నేనే కుడతాను. అంతే! ఇప్పుడు నాకు కాజాలొచ్చు. బక్రీద్‌కు ఇంకా అరవై ఎనిమిది రోజులుంది.

ఈసారి బలపం లేదు. కొలతలు పలక మీద మేకుతో చెక్కుతున్నాను. ఏ గంజికి చెరుగుతాయో చూస్తా!

సమ్రీన్ మూడో గ్లాసు షీర్ ఖుర్మా తాగుతూ నా భుజం మీంచి తొంగి చూసింది. "అమ్మీ, పరీక్షలైపోయినయి. సెలవులంతా తిని పండుకుంటా. బక్రీదుకు నేను లావైతే?"

మేకు ఆగిపోయింది.

పలకకు రెండో వైపు కూడా ఉంది కదా, అన్నాను.