ఇండ్ల రాళ్ళు

సెప్టెంబరు 7, ఆదివారం

ఇవాళ్టితో పని పూర్తయింది. సద్దికూటి మడుగు చుట్టూ ఉన్న దోవలన్నిటికీ గుర్తులు పెట్టేశాం, నేనూ కృపామణీ. రిజర్వ్ ఫారెస్టు కాబట్టి చెట్లకు పెయింట్ పూయకూడదు, మేకులు కొట్టకూడదు. అందుకని దోవ చీలిన ప్రతిచోటా రాయి మీద రాయి పేర్చాం. రాళ్ళు కనిపించిన వైపు నడిస్తే మడుగు చుట్టి మళ్ళీ బస్టాపుకే వస్తారు.

రేంజర్ మునిశేఖర్ జనవరి దాకా ట్రయల్ అన్నాడు. ఎవరికీ ఏమీ కాకపోతే పర్మనెంటుగా తెరుస్తాడట. గేటు దగ్గర బోర్డు మీద 'దోవ గుర్తులు: నాగవేణి, తిరుపతి' అని రాయించాడు. పెళ్ళిపత్రిక తర్వాత నా పేరు నలుగురూ చూసేలా రాయడం ఇదే.

వారంలో ఆరు రోజులు కాలేజీ ల్యాబు, వంట, అత్తమ్మ కాళ్ళనొప్పులు, ఆయన మౌనం. ఆదివారం పొద్దున బస్టాండులో పల్లెవెలుగు ఎక్కానంటే సాయంత్రం దాకా నన్ను పిలిచేవాళ్ళుండరు. ఇది పోతే నాకంటూ ఏమీ మిగలదు. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

కృపామణి నర్సు. కొర్లగుంటలో మేడమీద గదిలో ఒక్కతే అద్దెకుంటుంది. నాలుగేళ్ళుగా నా పక్కన నడుస్తోంది. ఎక్కువ మాట్లాడదు. నాకు నచ్చింది అదే.

సెప్టెంబరు 21, ఆదివారం

బస్సు కిక్కిరిసిపోయింది. ఆడవాళ్ళకు టికెట్టు తీసేశాక ఈ కొండకు కూడా జనమే. ఘాట్ రోడ్డంతా నిలబడే పోయాను. అయినా సంతోషమే. మనలాంటి వాళ్ళు నడవాలనే కదా దోవ వేసింది.

రెండో చీలిక దగ్గర మేం పెట్టని రాళ్ళు ఉన్నాయి. వాటి పక్కన ఇంకో నాలుగైదు గుట్టలు. ఒకదాని మీద బంతిపువ్వు. అక్కడే రేణిగుంట నుంచి వచ్చిన రాఘవమ్మ అనే ఆవిడ వంగి రాళ్ళు ఏరుకుంటోంది. ఏంటమ్మా ఇది అంటే, తిరుమల మెట్ల దోవలో మాదిరే ఈడా ఎవురో పుణ్యాత్ములు మొదులుపెట్టినారమ్మా, రాయి మీద రాయి పెడితే సొంతిల్లు వొస్తాది, నువ్వూ పెట్టు అంది.

ఆ పుణ్యాత్మురాలిని నేనే. మెట్ల దోవలో ఇండ్ల కోసం జనం పేర్చే రాళ్ళు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. ఈ సంగతి నా బుర్రకు తట్టలేదంటే ఎవరిని అనాలి?

సెప్టెంబరు 28, ఆదివారం

గుర్తులు వదిలి మిగతావన్నీ పడదోశాను. బస్టాపులో రాఘవమ్మ పెద్ద రచ్చ చేసింది. నా ఇంటిని కాలితో తన్నిందమ్మా ఈ తల్లి, దీని చేతులు పడిపోనూ అని. శాపం పెట్టేటప్పుడన్నా లెక్క సరిగ్గా ఉండాలి. తన్నింది కాలితోనే.

అక్టోబరు 12, ఆదివారం

ఈ పక్క పడదోస్తే ఆ పక్క లేస్తున్నాయి. నీళ్ళ మీద పాచి తోసినట్టుంది.

అక్టోబరు 19, ఆదివారం

మా వాళ్ళు కూడా వచ్చారు. ఆయన, అత్తమ్మ. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కొండెక్కని అత్తమ్మ, రాళ్ళ మహిమ వినగానే నొప్పులు మరిచి గబగబా నడిచింది. గద్దబండ వైపు చీలే చోట కూర్చుని పేర్చింది. రెండంతస్తులు, ముందు కారుకు పోర్టికో. మాకు సైకిల్ కూడా లేదు.

గద్దబండ వైపు పోతే దోవ లేదు. నున్నటి బండ, దాని కింద లోయ. వాళ్ళు చూస్తుండగానే కూలదోశాను.

ఇంటికొచ్చాక అత్తమ్మ, బాడుగ కొంపలోనే నన్ను సంపాలని రాసిపెట్టుకున్నావా అంది. ఆయన చాలా రోజులకు నోరు తెరిచాడు. నీకు కొండ ఉండాది, మాయమ్మకు ఆశన్నా ఉండనీ అన్నాడు. మాట బాగుంది. అందుకే ఇంకా మండుతోంది.

నవంబరు 9, ఆదివారం. సాయంత్రం 6

మామగారి తద్దినమని ఆగిపోయాను. కృపామణి ఒక్కతే పోయింది. పొద్దున్నుంచీ తుంపర, కొండ మీద మంచు. మూడింటి బస్సుకు రావాల్సింది. ఫోను కలవడం లేదు. రేంజర్‌కు చెప్పాను.

నవంబరు 10

దొరికింది. గద్దబండ కింద. తుంటి విరిగింది. రాత్రంతా వానలో పడి ఉంది. ఫారెస్టు వాచర్లు పొద్దున జోలె కట్టి మోసుకొచ్చారు.

ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుంది. రాళ్ళు సూసుకునే పోయినా వేణీ, మంచులో ఇంకేమీ కనపళ్ళేదు, నీ రాళ్ళు కనిపిస్తే సాలనుకున్నా అంది.

నవంబరు 12

సెలవు పెట్టి కొండకు పోయాను. గద్దబండ మలుపులో అదే చోట రెండంతస్తులు, పోర్టికో.

ఇంట్లో అడిగాను. అత్తమ్మ దాచలేదు. పోయిన గురువారం మావాడే తీసకపొయ్యినాడు, నువ్వు కూలదోస్తే సూస్తా కూసోవాల్నా అంది. అదే రాళ్ళను నమ్మి కృపామణి పడిందని చెప్పాను. అయ్యో పాపం అంది, ఆ తర్వాత మాత్ర వేసుకుంది. ఆయన టీవీ చూస్తూనే ఉన్నాడు.

నవంబరు 15

సోమవారం రేంజర్ ఆఫీసులో విచారణ. వాళ్ళమ్మ పేరు ఎత్తొద్దని ఆయన బతిమాలుతున్నాడు. వానకు నీ రాళ్ళే చెదిరినాయని చెప్పు, ముసిలామెను ఆఫీసుల సుట్టూ తిప్పుతావా అంటున్నాడు. అలా చెబితే నా గుర్తులు పనికిరానివని దోవ మూసేస్తారు. నిజం చెబితే రాళ్ళు పేర్చడం ఆపి దోవ ఉంచుతారు. ఆయనకు అదీ తెలుసు. తెలిసే అడుగుతున్నాడు.

నవంబరు 17, సోమవారం

చంద్రకాంతమ్మ, మా అత్తగారు అని పేరుతో సహా చెప్పాను.

మునిశేఖర్ అంతా విన్నాడు. కాఫీ తెప్పించాడు. నేనూ మెట్ల దోవలో పెట్టినాను మేడమ్, మూడేండ్లలో ఇల్లొచ్చింది, జనం మొక్కిన రాళ్ళను తీసేస్తే రేపు నా ఆఫీసు ముందర ధర్నా చేస్తారు అన్నాడు. నడిచేవాళ్ళయితే పదిమంది, వాళ్ళు ధర్నా చెయ్యరు అని కూడా అన్నాడు. నిజమే, మేం చెయ్యం.

దోవ మూసేశారు. రాళ్ళు ఉంటాయి.

నవంబరు 20

మా ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. తేడా కనిపెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది.

డిసెంబరు 14, ఆదివారం

ఉండబట్టలేక పోయాను. బస్టాపు పక్కనే రాళ్ళకు చోటు కేటాయించి, చుట్టూ కమ్మీలు వేసి, సిమెంటు బాట పోశారు. ఆదివారం ఇంకో బస్సు కూడా వేశారు. కండక్టరు సద్దికూటి మడుగు అనడం లేదు, ఇండ్ల రాళ్ళు దిగేవాళ్ళు రాండమ్మా అంటున్నాడు. టెంకాయల అంగడిలో పేర్చడానికి వీలుగా పలక రాళ్ళు అమ్ముతున్నారు.

బోర్డు మీద నా పేరు చెరిపి 'లోపలికి ప్రవేశం లేదు' అని రాశారు. కమ్మీల దగ్గర నుంచి మడుగు కనిపించదు. ఎవరూ అడగడం లేదు కూడా.

జనవరి 11, ఆదివారం

కృపామణి చేతికర్రతో నడుస్తోంది. మెట్లు ఎక్కలేకపోతోంది. ఇంటి ఓనరు గది ఖాళీ చెయ్యమన్నాడు. కింది గది కోసం ఇద్దరం తిరుగుతున్నాం. ఒంటరి ఆడది, నైట్ డ్యూటీలు. కొందరు చర్చికి పోతావా అని అడిగి తలుపు వేసేశారు. మా ఇంట్లో కొన్నాళ్ళు ఉంచుకుందామంటే అత్తమ్మ, ఉండేదే రెండు గదులు, యాడ పెడ్తావు అంది.

ఆ రాళ్ళు పెట్టింది ఎవరో కృపామణికి చెప్పేశాను. పాపం, పెద్దామె, ఆమెకేం తెలుసు అంది. ఒక్క తిట్టు తిట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె వంతు కూడా నేనే తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

కృపామణి తనను కొండకు తీసుకుపొమ్మంది. దోవ మూసేశారు, నువ్వు నడవలేవు అన్నాను. నడిసేదానికి కాదంది. బస్సులో సీటిచ్చారు. కమ్మీల లోపల నిలబడి, ఒక్క గది సాలు వేణీ, మెట్లు లేకుండా అంది.

ఆమె వంగలేకపోయింది. రాళ్ళు నేనే ఏరి ఇచ్చాను.