నాలుగూ ఇరవైకి నవ్వు

మార్చి 3
మా ఆవిడకి మళ్ళీ దడ, కళ్ళు తిరగడం. ఈసీజీ తీశారు, ఎకో చేశారు. రెండూ నార్మల్. రిపేరుకి తెచ్చిన మిక్సీ కూడా అంతే, నా బల్ల మీద పెట్టగానే బుద్ధిగా తిరుగుతుంది. దడ వచ్చినప్పుడే పట్టుకోవాలన్నాడు డాక్టరు.

మార్చి 5
హోల్టర్ పెట్టారు, రోజంతా గుండె కొట్టుకోవడం రికార్డు చేసేది. ఛాతీకి వైర్లు, నడుముకి చిన్న డబ్బా, రేపు పదింటిదాకా. ఒక కాగితం కూడా ఇచ్చారు. టైము, ఏం చేస్తున్నారు, ఏమనిపించింది. తన రాత కోడి గెలికినట్టుంటుంది. రోజూ లెక్కలు రాసే చెయ్యి కదా, ఫెయిర్ కాపీ మీరే రాయండి అంది.

మార్చి 6, ఉదయం 8
తన కాగితం చూసి రాస్తున్నాను.
11.05 బట్టలు ఆరేశా. ఏం లేదు.
4.20 కింద దర్జీ జాకెట్టు ఇవ్వడానికొచ్చాడు. ఏదో అన్నాడు, పడీపడీ నవ్వా. ఒకటే దడ. గోడ పట్టుకున్నా.
6.40 ఆయనొచ్చారు. ఏం లేదు.

పందొమ్మిదేళ్ళలో నా మాటకి గోడ పట్టుకుని నవ్వింది లేదు.
4.20 లైను ఎక్కించలేదు. పదింటికి ల్యాబులో అలాగే ఇచ్చేస్తాను.

మార్చి 6, రాత్రి
దర్జీ ఏమన్నాడని అడిగాను, ఏమీ పట్టనట్టు. వదినగారూ, ఇన్ని వైర్లేంటి, అన్నయ్యగారు మీక్కూడా వైరింగు మారుస్తున్నారా అన్నాడట. చెబుతూ మళ్ళీ నవ్వింది.
జోకు బాగుంది. అందుకే ఇంకా మండింది.

మార్చి 9
ల్యాబు అమ్మాయి కొట్టుకి ఫోన్ చేసింది. 4.20కి గుండె నిమిషానికి నూట ఎనభైసార్లు కొట్టుకుందట, రెండు నిమిషాలపాటు. కాగితంలో ఏమీ లేదేంటి, పేషెంటుకి ఏమీ తెలియలేదా అంది. తెలియకపోతే కళ్ళు తిరగడానికి కారణం ఇంకెక్కడో వెతకాలట. కనుక్కుని చెప్తానన్నాను.
కనుక్కునేదేముంది. తను రాసిన కాగితం నా జేబులోనే ఉంది.

మార్చి 9, మధ్యాహ్నం
షట్టరు దించి వెళ్ళి ఇచ్చాను. ఇదే కావలసింది అన్నాడు డాక్టరు. గుండెలో కరెంటు అడ్డదారి పడుతోందట. మందులున్నాయి, లొంగకపోతే సన్న వైరు పంపి ఆ దారి మూసేస్తారట. ప్రాణభయం లేదట. లైను ఎందుకు వదిలేశారన్నాడు. మరిచిపోయానన్నాను.
నేనింటికొచ్చిన 6.40కి ఎంతుందని అడిగాను. డెబ్భై రెండట.

మార్చి 10
ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అతను నవ్వించకపోతే జబ్బు దొరికేదే కాదు, వెళ్ళి దణ్ణం పెట్టి రండి అంది. వెళ్ళలేదు.

మార్చి 14
టైము: 4.20.
ఏం చేస్తున్నారు: త్వరగా ఇంటికొచ్చి పేపరు చదువుతున్నా. గుమ్మం దగ్గర దర్జీ, ఆవిడ నవ్వుతున్నారు. నాడి చూసుకున్నా, నూట నాలుగు.
ఏమనిపించింది: ఏం లేదు.