ఎడమ పొగగొట్టం ట్యాంకు లేదని ఒప్పుకుంటూ

యుద్ధకాలపు ఫిల్ముల భాండాగారంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి విరమించిన నేను, వయస్సు డెబ్బై రెండు, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, ఈ మధ్య ఎన్నడూ లేనంత హుషారుతో ఈ వీలునామా రాస్తున్నాను. పాతది రద్దు. అందులో మా మరిది ఊసే లేదు. ఇందులో ఉన్నదంతా అతని గురించే.

1. నా ఇల్లు మేనకోడలికి చెందవలెను. మా చెల్లెలికి ఏమీ రాయడం లేదు. కుట్టుమిషను, బీరువా ముందే పట్టుకుపోయింది.

2. నా భూతద్దం మరిదికి, అంటే మా చెల్లెలి భర్తకు చెందవలెను. అతను మా దగ్గరే ప్రొజెక్టర్ ఆపరేటరు. ఈ అద్దంతోనే నేను జపాను ట్యాంకుల రివెట్లు లెక్కపెట్టి, ఫిరంగి ఉండే టరెట్ మీది గుర్తు చూసి, ఏది ఏ దళమో తేల్చేదాన్ని. పద్దెనిమిదేళ్ల కిందట నలభై ఒకటో రీలు వచ్చింది. ఏటి గట్టున తేలిక ట్యాంకులు, టరెట్ మీద తెల్ల సున్నా. ఆ రకానికి పొగగొట్టం కుడి పక్కన ఉండాలి. ఇక్కడ ఎడమ పక్కన ఉంది.

"వదినా, నెగెటివు తిరగేసి ప్రింటు కొట్టారు. కుడి ఎడమైంది, అంతే" అన్నాడు మరిది. నేను వింటేగా! నిండు మీటింగులో "రీళ్లు తిప్పేవాళ్లు రీళ్లు తిప్పుకుంటే చాలు" అనేశాను. ఎడమ గొట్టంతో ఒక ప్రత్యేక నమూనా ఉందని రీలు వివరాల కార్డు మీద రాశాను. లోకంలో లేని ట్యాంకును కన్న ఘనత నాది. ఆ రోజు నుంచి అతను మా గడప తొక్కలేదు.

3. కంటి శుక్లాలు తీయించుకున్నాక, మొన్న మంగళవారం భాండాగారానికి వెళ్లి ఆ రీలు మళ్లీ చూశాను. అమ్మబాబోయ్! ట్యాంకు వెనకాల ముగ్గురు అధికారులు. ముగ్గురికీ కత్తి కుడి తుంటి మీదే! ఎడమ పక్కన కట్టే కత్తి ముగ్గురికీ ఒక్కసారే కుడికి ఎలా వచ్చింది? బొమ్మ తిరగబడింది కాబట్టి. అంటే ఏరు కూడా నిజానికి రెండో పక్కనుంది. అది పడమటి గట్టు దళం కాదు, తూర్పు గట్టు దళం! గంతేశాను. మోకాలు పట్టేసింది. అయినా ఇంకో గంతేశాను.

4. సోమవారం ఆ రీలును, కార్డుతో సహా, శీతల గదిలో పెట్టి సీలు వేస్తారు. ఇక యాభై ఏళ్లు ఎవరూ తెరవరు, కార్డు మీది నా తప్పు అలాగే ఉండిపోతుంది. కావున ఈ అంశం నా మరణానంతరం కాక ఈ రోజే అమలు కావలెను. నిర్వాహకులైన వకీలుగారు ఈ కాగితం పట్టుకుని మరిది ఇంటికి వెళ్లవలెను. తప్పు నాది, సిగ్గుగా ఉంది. నేను పోయాక క్షమాపణ అందితే పాపం అతను ఎవరితో పోట్లాడతాడు?

5. ఆఫీసులో నా కుర్చీ మీది దిండు నా తర్వాత చేరిన అమ్మాయికి. ట్యాంకు కంటే ముందు మనుషుల నడుములు చూడమనండి.

అనుబంధం, శనివారం: మరిది వచ్చాడు. ఇది రెండుసార్లు చదివాడు, రెండోసారి పైకి. భాండాగారానికి వెళ్లి కార్డు తన చేత్తోనే దిద్ది వచ్చాడు. ఆ తర్వాత "సాక్షి సంతకం నేను పెడతా" అని కూర్చున్నాడు. ఆస్తి పుచ్చుకునేవాడు సాక్షిగా పనికిరాడన్నారు వకీలుగారు. "అయితే అద్దం అంశం కొట్టెయ్ వదినా, నాకు సంతకమే కావాలి" అన్నాడు. అందుచేత రెండో అంశంలోని భూతద్దం భాండాగారానికి చెందవలెను.

తేది: మార్చి 14
సంతకం: వదిన

సాక్షులు:
1. కింది అంతస్తు పళ్ల డాక్టరు
2. మరిది, నలభై ఒకటో రీలును మొదట సరిగ్గా చూసినవాడు