మెస్ గోడ మీద మీ మగ్గు

బావగారికి,

పోలీసు చర్యలో మీ విమానం కూలి నేటికి ఏడాది. ఈ సందర్భంగా బొల్లారం దగ్గరి వైమానిక దళం మెస్‌లో, మరణించిన పైలట్ల బీరు మగ్గులు వేలాడే గోడపై మీ మగ్గుకూ చోటు కోరుతూ అక్కా నేనూ హాజరయ్యాము. మీరు ఫిరంగి దళం నుంచి వచ్చి, ఫిరంగులకు గురి చెప్పే విమానం నడిపినవారు కనుక అభ్యంతరం తలెత్తింది.

"మీ ఆయన ఫిరంగుల మనిషమ్మా. ఈ గోడ మా పైలట్లకే," అన్నాడు మెస్ అధికారి.

"పడ్డది విమానంలకెల్లే గద సార్. ఫిరంగి మీదికెల్లి గాదు," అంది అక్క.

ఆ అధికారే లేచి, స్టూలు తెచ్చి, ఖాళీ కొక్కెం కింద వేసి, కదలకుండా పట్టుకున్నాడు. అభ్యంతరం ఉపసంహరించుకున్నట్లు భావించడమైనది.

అక్క మీ మగ్గుతో ఎక్కింది. దిగేటప్పుడు ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయని మనవి.