ఈసారికి ఆలస్యంగా బాగుచేయండి

బాబాయికి,

ఫోన్లో ఇదంతా చెప్పలేను, అందుకే రాస్తున్నాను. ఇచ్చిన రోజే బాగుచేసి ఇస్తారని మీ షాపుకి పేరు. నీళ్లలో పడి ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉన్న చెల్లి ఫోన్‌ని నాన్న ఇవాళ మీకు తెచ్చిస్తారు, దాని విషయంలో మాత్రం ఆ పేరు కాస్త పోగొట్టుకోండి.

చెల్లి రోజంతా ఫోన్లో వీడియోలు చూస్తోందని అమ్మ అనుకునేది. మొదట్లో చూసిన మాట నిజమే. వాటి మధ్యలో ప్రకటనగా వచ్చే రంగుల చక్రం ఆటలో పందేలు కాయడం తర్వాత మొదలైంది. ట్యూషన్ ఫీజు కూడా అందులోనే పోయిందట. నాన్నకి తానే చెబుతానని నాకు మాటిచ్చింది. ఫోన్ చేతికొస్తే ఆ మాట నిలవదని నా భయం. మీకు రాస్తున్నట్టు దానికి తెలుసు.

మీరు అబద్ధమాడక్కర్లేదు. విప్పకుండా పక్కన పెడితే, ఇంకా విప్పలేదని నాన్నకి నిజమే చెప్పొచ్చు.

ఫోన్ పాడైన మొదటి రోజుల్లో దానికి అన్నిటికీ పందెమే.

"అక్కా, పాలు పొంగేలోపు అమ్మ వస్తుందా, రాదా? ఓడినవాళ్లు గిన్నెలు తోమాలి."

"గిన్నెలు ఎలాగూ నీ వంతే, తల్లీ."

నిన్న వాన పడింది. కిటికీ అద్దం మీద రెండు చినుకులు జారుతుంటే, దాన్ని నవ్వించాలని నేనే అడిగాను.

"ఏది ముందు కిందికొస్తుందే? పందెమా?"

"వద్దక్కా, ఊరికే చూద్దాం."

వాన వెలిసేదాకా ఇద్దరం చూశాం.

ఇంకొన్నాళ్లు ఆగండి, బాబాయ్.

మీ పెద్దమ్మాయి