ఎడమకు వడికిన నూలు

కచోరా,
ఆగస్టు నెల, మొదటి మంగళవారం.

మరంపాటలో ఉన్న నా వదినగారు, మా మనవరాలు నెలీడాకి తొలి జుట్టు కత్తిరించిన సబీనాకి, ఎపిఫానియా తలమీద టోపీ తీసి పెడుతున్న దణ్ణాలు. నువ్వూ, నీ కోళ్ళూ, నీ మోకాలి నొప్పీ అంతా కులాసా అనుకుంటాను. నొప్పికి కులాసా ఏమిటని నవ్వుకో, నవ్వితే నీకు మంచిది. ఇక్కడ మేము దేవుడి దయవల్లా, మనల్ని కాచే కొండదేవుడు కొండయ్య దయవల్లా క్షేమం. క్షేమం అని రాయాలి కాబట్టి రాశాను.

అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే తిట్టుకోకు. పంతులుగారు నాకు చదువు పూర్తిగా నేర్పేలోపే మా నాన్న గొర్రెల వెంట పంపేశాడు, నీకు తెలుసు.

అసలు సంగతికి వస్తాను. నెలీడా ఈ పొద్దున బయలుదేరింది. పరదేశీయుల గుంపును చోకెకిరావు శిథిలాలకు తీసుకొస్తోంది. ఇదివరకు పెద్ద గైడ్ల వెనక నడిచేది, ఈసారి ముందు నడిచేది తనే. ఈ రాత్రికి ఏటి ఒడ్డున ఉంటారు. రేపు సాయంత్రం నీ ఇంటి ముందు గుడారాలు వేస్తారు. ఎల్లుండి పొద్దున శిథిలాల్లోకి పోతారు. పోయే లోపల నువ్వు నాకొక పని చేసిపెట్టాలి.

ఆ పిల్ల కడుపుతో ఉంది వదినా. గనిలో ఉన్న మొగుడికి చెప్పింది, నాకు చెప్పింది, ఇంకెవరికీ చెప్పలేదు. కుస్కోలో ఈ గుంపుల్ని పంపే కంపెనీవాళ్ళకి తెలిస్తే ఇంకొకర్ని పంపుతారని దాని భయం.

శిథిలాల గాలి సంగతి నీకు నేను చెప్పాలా? ఆ గోడల పక్కనే కదా నీ బతుకంతా. అందులోనూ ఆగస్టు. నేల ఆకలితో నోరు తెరిచి ఉండే నెల, ఆ గోడలు కట్టి పోయిన పాత మనుషులు రాళ్ళ సందుల్లోంచి ఊపిరి వదిలే నెల. ఆ ఊపిరి ఆడదాని కడుపులో దూరి కూర్చుంటుంది. మీ ఎదురింటి హిల్డా చెల్లెలు మేకను వెతుక్కుంటూ పోయి ఆ గోడ నీడన కాస్త కునుకు తీసింది, గుర్తుందా? అప్పుడు ఆమె కూడా కడుపుతోనే ఉంది. తర్వాత ఏమైందో రాయను.

వెళ్ళొద్దని మొత్తుకున్నాను. నవ్వింది. "అమ్మమ్మా, ఆ గాలే నిజమైతే ఈ పరదేశీ ఆడవాళ్ళు సగం మంది కవలల్ని కడుపులో వేసుకుని విమానం ఎక్కాలి" అంది. నాకు నవ్వు రాలేదు. "వాళ్ళెవరో పాత మనుషులకి తెలీదే. నువ్వు తెలుసు. నువ్వు వాళ్ళ మనవరాలివి, పేరు పెట్టి పిలుస్తారు" అన్నాను. అప్పుడు చేతులు నా ముందుకు చాపింది. "సరేలే, నీ నూలేదో కట్టు. త్వరగా కట్టు, కంచరగాడిదలు మూటలతో నిలబడి ఉన్నాయి" అంది.

ఆ నూలు కోసం పౌర్ణమి నుంచి కూర్చున్నాను వదినా. నల్ల పోగు, తెల్ల పోగు, కదురు ఎడమకు, ఎడమకు. అలవాటు లేని వైపు తిప్పి తిప్పి మణికట్టు వాచింది. గాలి చుట్టుకుంటూ వస్తుంది, ఎదురు మెలిక చూసి వెనక్కి పోతుంది, అని నువ్వే కదా నేర్పావు నాకు. రెండు మణికట్లకీ, రెండు కాళ్ళకీ, నడుముకీ కట్టాను. మూడు కోకా ఆకులు పట్టుకుని కొండయ్య వైపు ఊదాను. గాడిదల మెడగంటల చప్పుడు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. అమ్మయ్య అనుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాను.

అప్పుడు వచ్చింది పక్కింటి బసిలియా, ఉప్పు కావాలని. ఆవిడ చెయ్యి ఊరుకోదు కదా, నా బుట్టలో పెట్టింది. "ఏమే ముసలీ, ఎడమ నూలు ఉండ ఇక్కడే ఉందే! మరి పిల్లకేం కట్టావు?" అంది.

గోతాల నూలు కట్టాను వదినా! బంగాళాదుంపల గోతాలు కుట్టే నూలు. కుడి మెలిక. గాలిని లోపలికి రా రమ్మని పిలిచే మెలిక. అదే గాలికి ఎదురుగా వెళ్ళే పిల్లకి, కడుపుతో ఉన్న పిల్లకి, నా చేతులారా ఐదు చోట్ల కట్టాను. బసిలియా పడీ పడీ నవ్వింది. "పిల్లని పంపావా, దుంపల గోతాన్ని మూతి కట్టి పంపావా?" అంది. ఉప్పు ఇవ్వకుండా పంపేశాను.

ఈ పొద్దున పచ్చికట్టె రాజుకోక వంటిల్లంతా పొగ. పైగా తొందర. అందుకే అలా అయింది.

అప్పటినుంచి కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, లేస్తే లేవబుద్ధి కాదు. కోకా ఆకులు పరిచి సోది అడిగాను, ఏమీ చెప్పలేదు. వెంటపడి పోదామంటే ఏటి దాకా దిగడానికే నా కాళ్ళు చాలవు. ఫోను చేద్దామంటే కనుమ దాటాక దాని ఫోను మూగబోతుంది. చివరికి సతుర్నీనో గుర్తొచ్చాడు. రేపు తెల్లవారకముందే మీ ఊరికి సరుకు తోలుకొస్తున్నాడు. పరదేశీయులు ఎక్కే లోపల వాడి కంచరగాడిదలు రెండుసార్లు ఎక్కి దిగుతాయి. వాడి చేతే ఈ ఉత్తరమూ, అసలు నూలూ పంపుతున్నాను. దారిలో ప్రతి ఇంటి దగ్గరా మొక్కజొన్న కల్లుకి ఆగుతాడని నా భయం. ఆ మాట మొహం మీదే అన్నాను. "అత్తా, తాగేది నేను కదా, నా గాడిద తాగదు. ఉత్తరం దాని మెడకి కడతాను, అదే ముందు చేరుతుంది" అన్నాడు. వాడిని నమ్మనా, గాడిదని నమ్మనా?

పొద్దున వాళ్ళు బయలుదేరక ముందే పిల్లని నీ వంటింట్లోకి పిలువు. పాత నూలు కత్తితో కొయ్యకు, చేత్తో తెంపు. తెంపింది లోయలోకి విసిరెయ్యి, ఇంట్లో ఉంచకు. కొత్తది ఎడమ చేతి నుంచి మొదలుపెట్టు. తొలి జుట్టు కత్తిరించిన చేతులు నీవి, నువ్వు కడితే నాకంటే బాగా పట్టుకుంటుంది. పరదేశీయుల ముందు కట్టకు, ఫోటోలు తీస్తారు.

వెనక్కి మాత్రం పంపకు. నాకు జబ్బు చేసిందని అబద్ధం చెప్పి రప్పించమందామని కూడా అనుకున్నాను. కానీ మొదటిసారే గుంపును వదిలేసి వస్తే ఆ కంపెనీవాళ్ళు మళ్ళీ పిలవరు. అది ఎన్నేళ్ళు ఎదురుచూసిందో నేను ఎరుగుదును.

ఇంకొకటి. ఆ గుంపులో నీలగిరి చెట్టంత మనిషి ఒకాయన ఉన్నాడట. ఎక్కుడులో ఆయన సొమ్మసిల్లితే ఇది వీపున వేసుకోబోతుంది, దాని సంగతి నాకు తెలుసు. ఆయనకి ముందే గాడిదనిమ్మను. పిల్లకి ఎండు దుంపల చారు పెట్టు, వేడివేడిగా. తినకపోతే నా మీద ఒట్టు వెయ్యి. గోడల నీడన మాత్రం కూర్చోనివ్వకు, నిలబడే చెప్పమను ఆ కథలన్నీ.

ఉంటాను. ఉండటం అంటే ఉండలేకపోవడమే, జవాబు వచ్చేదాకా.

నీ వదిన,
ఎపిఫానియా

తా.క. సతుర్నీనో ఇంకా రాలేదు, కాబట్టి రాస్తున్నాను. పైన పొగ అని రాశాను. పొగ కాదు వదినా. నా రెండు కళ్ళకీ తెల్లపొర కమ్మింది. దుంపలు తవ్విన నాటినుంచీ నెలీడా మొహం నాకు ఒట్టి మసక. నవ్వుతోందో ఏడుస్తోందో గొంతుని బట్టే. రెండు ఉండలూ నాకు ఒకే బూడిద రంగు. ఇప్పటి నూలు బసిలియా చేత మళ్ళీ చూపించాకే పంపుతున్నాను, దానికి భయపడకు. ఆవిడకి అనుమానం వచ్చి నా ముందు వేళ్ళు పెట్టి ఎన్ని అని అడిగింది. కసిరి కొట్టాను.

నెలీడాకి చెప్పలేదు. చెబితే గుంపుల్ని మానేసి నా పక్కనే కూర్చుంటుందని చెప్పలేదు. కానీ నిన్న రాత్రి అన్నం తింటూ అంది, బిడ్డ పుట్టాక తను గుంపులతో వెళ్ళినప్పుడల్లా నా చేతికే ఇచ్చి వెళుతుందట. నేనుంటే తనకి ఏ భయమూ లేదట. నేను సరేనన్నాను. పొయ్యి ఎక్కడుందో తడుముకునే ముసలిదాని చేతికి పసిబిడ్డ! గాలికి నూలుంది. నాకేముంది, ఏం కడతావు?

నా కళ్ళ సంగతి నా నోటితో నేను చెప్పలేను, నువ్వు చెప్పు. వెళ్ళేటప్పుడు కాదు, శిథిలాలు చూపించి తిరిగొచ్చాక. మర్నాడు గుంపు నిద్ర లేవకముందు, మెల్లిగా. చెప్పాక వెంటనే దారి పట్టనివ్వకు, ఆ దిగుడులో కళ్ళు తడిస్తే అడుగు తప్పుతుంది. ఏడుపు ఆగేదాకా పట్టుకుని కూర్చో.