గుద్దులు తిన్న చెక్క

బావా, కత్తికి పిడి కూడా పెట్టకుండా ప్రభువు దగ్గరికి పోతే ఎలా?

లారీ కమాన్ పట్టీ ఇనుమును సాగగొట్టి, అడవికి తీసుకుపోవాలని నువ్వు చేసుకున్న కత్తి ఏడాదిగా మొండిగానే ఉంది. నువ్వు పోయి ఏడాదైనందుకు పెట్టే ప్రార్థన కూడికలోగా పిడి పడకపోతే పాత ఇనుముకు వేసేస్తానని అక్క బెదిరించింది. టేకు పెట్టాను, చెమట చేతిలో జారింది. బర్రె కొమ్ము తెచ్చాను, కుక్క ఎత్తుకుపోయింది.

మొన్న ఆదివారం, బైబిల్లో ఎలీషా ప్రవక్త కాలంలో పిడి నుంచి ఊడి నదిలో పడ్డ గొడ్డలి మీద ప్రసంగించాను. "మీ విశ్వాసం కూడా ఊడిందా?" అని గుద్దేసరికి తుమ్మ చెక్క ప్రసంగపీఠం అంచు విరిగి కిందపడింది. సంఘమంతా నవ్వింది. అక్క మాత్రం ఆడవాళ్ల వరుసలోంచి లేచింది.

"జర ఆగు తమ్మీ, ఆ తుమ్మ ముక్క పారెయ్యకు! ఇరవై ఏండ్లు నీ గుద్దులు తిన్నది. గంతకన్న గట్టి కట్టె మెదక్‌ల యాడ దొరుకుతది?"

దాన్నే చెక్కి, నువ్వు దాచిన రాగి మేకులతో బిగించాను. అక్క పట్టి చూసింది. "మీ బావ చెయ్యి పెద్దది. ఇంక జర లావుంచాల్సింది" అంది.

కూడిక ఇవాళే, బావా. ప్రతి ప్రసంగం చివర అందరికీ చెప్పేదే నీకూ చెబుతున్నాను: రేపు అనకు. లేచి, ఇవాళే వచ్చి పట్టి చూడు.